ఏడు గిన్నెల వరస

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను ఒక పెద్దావిడకు, ఆమె ఇంట్లోనే, ఆమె కొడుకు ఎదుట, ఆమె నాలుక ఇక పనికిరాదని చెప్పాను. ఈ మాటల్లో చెప్పలేదు. ఒక అంకె చదివాను, అంతే. అంకె చదివితే మాట అన్నట్టు కాదని అప్పట్లో నాకొక ధీమా ఉండేది. లెక్క సరిగ్గానే వేశాను. పైన నా గదికి వెళ్లి మళ్లీ చూసుకున్నా సరిగ్గానే ఉంది. తప్పు లెక్కకు ముందే, నా చేతుల్లోనే జరిగింది. అదేమిటో తెలియడానికి మరునాడు సాయంత్రం దాకా పట్టింది.

నేను వికారాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఉండేది తాండూరులో. పొద్దున రైలెక్కి వెళ్లి సాయంత్రం రైలుకు తిరిగొస్తాను. నేను అద్దెకుండే మేడగది కింద ఇల్లు ఆమెది. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఖాలా అంటారు, ఉర్దూలో పిన్ని అని. ఖాలా పెళ్లిళ్లకు వంట చేస్తుంది. ముఖ్యంగా దాల్చా. కందిపప్పులో మాంసం, సొరకాయ ముక్కలు, చింతపులుసు పడే ఆ వంటకం ఆమె చేతిదైతేనే పెళ్లిలో తిన్నట్టు అనుకునేవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. ఆమెకు తోడుగా పెద్దేముల్ నుంచి ఒక అక్క వస్తుంది. వాళ్లది గొర్లు కాసే కుటుంబం. ఇప్పుడు గొర్లు తగ్గించుకుని కంది వేస్తున్నారు. ఆమె ఖాలాను ఆపా అంటుంది, ఖాలా ఆమెను చెల్లె అంటుంది. ఇద్దరూ కలిసి వండటం నేను తాండూరు రాకముందు నుంచీ ఉంది.

పెద్ద వంట ఒప్పుకునే ముందు వాళ్లకొక పద్ధతి ఉంది. పెళ్లింటివాళ్లు నాలుగు చోట్ల నుంచి పప్పు తెచ్చిస్తారు. ఒక్కో పప్పును ఒక్కో గిన్నెలో ఉప్పు లేకుండా ఉడికించి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, కొంచెం కొంచెం నోట్లో వేసుకుంటూ, మాట్లాడుకుంటూ ఎంచుతారు. ఇది మెత్తబడ్డది గాని తీపి లేదు, ఇది పులుసు పడంగనే విరుగుతది, ఇట్లా సాగుతుంది. మధ్యలో ఎవరి కోడలు ఎవరినేమన్నదో కూడా వస్తుంది. ఆఖరికి ఒక పప్పు ఖాయమవుతుంది. అన్ని గిన్నెల్లోదీ ఒకే కుండలో పోసి, పోపు పెట్టుకుని, ఆ పూటకు అదే తింటారు. నాకూ ఒక గిన్నె పైకి వచ్చేది. నేను ఎన్నో ఏళ్లుగా అది తింటూ, ఆ మాటలు మెట్ల మీది నుంచి వింటూ ఉన్నాను. వాళ్ల పద్ధతిలో లోటు ఉందని ఎన్నడూ అనిపించలేదు, నా అవసరం వచ్చేదాకా.

ఆ వానకాలం ఖాలాకు జ్వరం వచ్చింది. తగ్గాక కూడా కొన్ని వారాలు వాసన తెలియలేదు. పొయ్యి మీద పాలు పొంగి మాడుతుంటే పక్కనే కూర్చుని ఉందని కొడుకు చెప్పేవాడు. ఆ తర్వాత ఆమె చేసిన మొదటి పెళ్లిలో దాల్చా పులుపెక్కింది. చింతపండు మారిందని ఆమె అన్నది. ఖాలా నాలుక పోయిందని జనం అన్నారు. కొడుకు కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీకి పోతాడు. తల్లి ఇంకా పొయ్యి ముందు నిలబడటం అతనికి ముందు నుంచే ఇష్టం లేదు. చెడ్డవాడు కాదు. నలుగురిలో ఆమెకు మాట వస్తుంటే ఓర్చుకోలేకపోయాడు.

ఇంతలో ఇంకో పెళ్లి వచ్చింది. ఆ ఇంట్లో మూడు తరాల పెళ్లిళ్లకు ఖాలాయే వండింది. వాళ్లు ఆమెనే అడగాలనుకున్నారు. కానీ పులుపు సంగతి విని, కొడుకును విడిగా పిలిచి, అమ్మ చేయగలదా అని అడిగారట. పప్పు ఎంచాక చెబుతానని అతను అన్నాడు. అంటే ఆ ఆదివారం తేలాల్సింది పప్పు సంగతి కాదు. ఖాలా ఇక మీద వండుతుందా లేదా అన్నది. ఆమెకూ ఆ విషయం తెలుసు. పొద్దుటి నుంచి పప్పు కడుగుతూనే ఉంది.

అందులో నేను తలదూర్చాను.

ఇద్దరూ కలిసి కూర్చుంటే అక్క ఎట్లాగూ ఆపా మాటకు తల ఊపుతుంది, దాంతో ఏమీ తేలదని అన్నాను. ఇద్దరూ విడివిడిగా రుచి చూడాలి. బాగున్నదాని నుంచి బాగాలేనిదాకా గిన్నెలను వరసగా పెట్టాలి. ఆ రెండు వరసలూ ఎంత కలుస్తాయో నేను లెక్కగట్టి చెబుతాను. అక్క నాలుక మీద ఎవరికీ అనుమానం లేదు కాబట్టి, ఖాలా వరస దానితో కలిస్తే అందరి నోళ్లూ మూతపడతాయి. చెప్పినప్పుడు అది సాయంలాగే ఉంది. కానీ ఆ వారమే నేను క్లాసులో ర్యాంకు సహసంబంధం మొదలుపెట్టాల్సి ఉంది. పుస్తకంలో ఎప్పుడూ ఉండే ఉదాహరణ, ఒక పోటీకి ఇద్దరు జడ్జీలు, చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. కందిపప్పుతో చెబితే మా పిల్లలు వింటారనిపించింది. సాయం ఎంత, ఆ ఆశ ఎంత అని ఇప్పుడు విడదీయాలన్నా నాకు చేతకాదు.

కొడుకు ఒప్పుకున్నాడు. ఖాలా నా వైపు చూసి, "నీ చదువుల గిది గూడ ఉంటదా సార్" అంది. ఉంటుందన్నాను.

ఏడు గిన్నెల అడుగున కాగితం ముక్కలు అంటించి అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, ఎ అని రాశాను. మూడు పప్పులు తాండూరు కొట్లవి, రెండు పరిగివి, ఒకటి కర్ణాటక వైపు నుంచి వచ్చింది, ఒకటి అక్క వాళ్ల ఇంట్లో తిరగలిలో విసిరింది. ఏది ఏ గిన్నెలో ఉందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ముందు అక్కను వంటింట్లో కూర్చోబెట్టాను. ఆమె ఎడమ నుంచి కుడికి వరస పెట్టింది. తన ఇంటి పప్పును మూడో చోట పెట్టిందని తర్వాత తెలిసి తనే నవ్వుకుంది. ఆ వరస రాసుకుని, గిన్నెలు కలిపేసి, పెరట్లో ఉన్న నాపరాయి బండ మీదికి చేర్చాను. అప్పుడు ఖాలా వచ్చి పీట మీద కూర్చుంది.

"బాగున్నది మొదట పెట్టాలె ఖాలా. పనికిరానిది ఆఖరుకు. నోటితోని ఏం చెప్పొద్దు" అన్నాను.

"మాట్లాడకుంట రుచెట్ల తెలుస్తది?"

"గదే పరీక్ష" అన్నాను. పెద్ద మాట అన్నట్టు అనిపించింది అప్పుడు.

నా ముఖం చూసి ఏమైనా ఊహిస్తుందేమోనని ఆమె వెనకాల నిలబడ్డాను. ఆమె చేయి చకచకా కదిలింది. ఒక్క రెండు గిన్నెల దగ్గర ఆగి, అటుదిటు ఇటుదటు మార్చి, మళ్లీ ఆలోచించి వదిలేసింది. నాలుక పోయిన మనిషి చేయి అంత ఖాయంగా కదలదు. అది నా కళ్ల ముందే ఉంది. నేను చూడలేదు. ఆమె లేచి చేతులు కడుక్కుంటుంటే, నేను వంగి ఎడమ చివర నుంచి ఒక్కో గిన్నె ఎత్తి, అడుగున అక్షరం చూసి రాసుకున్నాను. ఎడమ చివరిది మొదటిది. ఇంకెట్లా ఉంటుంది అనే ఆలోచన కూడా రాలేదు.

నేను కాగితం ముందు కూర్చునేసరికి అక్క అలవాటుగా ఏడు గిన్నెలూ కుండలోకి ఒంపేసింది.

లెక్క కష్టమైనదేం కాదు. ఒక్కో గిన్నెకు ఇద్దరూ ఇచ్చిన స్థానాల మధ్య తేడా తీసి, వర్గం చేసి, అన్నీ కలిపి సూత్రంలో వేయాలి. వచ్చేది మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్య ఒక అంకె. ఇద్దరి వరసా ఒకటే అయితే ప్లస్ ఒకటి. ఒకరిది ఇంకొకరిదానికి పూర్తిగా తలకిందులైతే మైనస్ ఒకటి. రెండు వరసలకూ పొత్తే లేకపోతే సున్నా దగ్గర తేలుతుంది. నాకు మైనస్ సున్నా పాయింట్ తొమ్మిది మూడు వచ్చింది.

దాన్ని చూడగానే నాకు కలిగింది బాధ కాదు. సంబరం. నిజమైన గిన్నెల్లోంచి అంత గట్టి అంకె రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సంబరంతోనే వంటింట్లోకి వెళ్లి చదివాను. ఇద్దరి వరసలూ దాదాపు పూర్తిగా ఎదురెదురుగా ఉన్నాయని, అక్క మొదట పెట్టిన గిన్నెను ఖాలా ఆఖరుకు పెట్టిందని వివరించాను.

అక్క చేతిలో పోపు గరిటె ఆగిపోయింది. "గట్లెట్లయితది సార్? పప్పు తిననోళ్లు గూడ దాన్ని ఆఖరుకు పెట్టరు."

"సార్ లెక్క గూడ గదే అంటున్నది అమ్మీ" అన్నాడు కొడుకు, మెల్లగానే. "ఇగ చాలు. ఇంట్ల కూసో."

ఖాలా నాతో వాదించలేదు. "మంచిదాన్ని నేను ఆఖరుకు పెట్టిన్నా?" అని అడిగింది. అవునన్నాను. కుండలోంచి కొంచెం పప్పు తీసి నోట్లో వేసుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పింది, ఎవరిదో నోరు తను అరువు తెచ్చుకున్నట్టు. "నాకైతె తెలుస్తున్నట్టే ఉండె" అంది. తర్వాత దాల్చా తిప్పే పెద్ద గరిటెను, ఆ రోజు వాడకపోయినా, కడిగి తుడిచి గోడ మేకుకు తగిలించింది. సాయంత్రం కొడుకు పెళ్లింటికి ఫోన్ చేసి అమ్మ రాదని చెప్పాడు. నాకు పప్పు గిన్నె ఎప్పటిలాగే పైకి వచ్చింది. తిన్నాను. బాగుంది కూడా.

సోమవారం క్లాసులో బోర్డు మీద ఏడు అక్షరాలు రాసి, రెండు వరసలు రాసి, ఎవరి ఊరూ పేరూ చెప్పకుండా లెక్క చేయించాను. నేననుకున్నట్టే పిల్లలు విన్నారు. పప్పు అనగానే వెనక బెంచీల్లో కూడా తలలు లేచాయి. అంకె వచ్చాక, చూశారా, ఈ రెండో మనిషికి రుచి తెలియదని తేలింది అన్నాను. పరిగి నుంచి వచ్చే ఒక అమ్మాయి చేయెత్తింది. తెలియకపోతే సున్నా రావాలి కదా అని అడిగింది.

మైనస్ అయినా ప్లస్ అయినా ఒకటికి దగ్గరుంటే గట్టి సంబంధమే, దిశ మాత్రమే వేరు అని నేను పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను.

"గదే సార్. తప్పొప్పుల బిట్లు మొత్తానికి మొత్తం తప్పు పెట్టాలన్న గూడ జవాబులు తెల్వాలె గద" అంది. క్లాసంతా నవ్వింది. పక్కనున్న అబ్బాయి, "నాకు సగమే తప్పయితయ్, నాకే నిజంగ ఏం తెల్వదు సార్" అన్నాడు. మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బోర్డు మీది అంకె వైపు తిరిగాను.

ఆ తర్వాత గంట ఏం చెప్పానో గుర్తులేదు. సున్నా అంటే తెలియకపోవడం. ఇది నేను ఏళ్లుగా చెబుతున్న పాఠం. ఖాలాకు రుచి తెలియకపోతే ఆమె వరస గాలికి పెట్టినట్టు ఉండాలి. ఒకటి కలవాలి, ఒకటి తప్పాలి. కానీ అక్క పెట్టిన ప్రతి గిన్నెనూ ఆమె దాదాపు సరిగ్గా దాని ఎదుటి చోటికి చేర్చింది. అట్లా చేయాలంటే ఒక్కో పప్పూ ఎట్లాంటిదో ఆమెకు పక్కాగా తెలిసి ఉండాలి. మరి తెలిసిన మనిషి తలకిందులుగా ఎందుకు పెడుతుంది?

సాయంత్రం రైలు వికారాబాద్‌లో ఆలస్యంగా కదిలింది. కిటికీ పక్కన కూర్చుని మనసులో అదే తిప్పుకుంటున్నాను. జ్వరం నాలుకను తిప్పేస్తుందా? తీపి చేదయ్యి, చేదు తీపవుతుందా? అట్లాంటిది నేను వినలేదు. కొడుకు మీద కోపంతో కావాలని పెట్టిందా? ఆమె అట్లాంటి మనిషి కాదు, అయినా ఆమె ఎట్లాంటి మనిషో నాకు తెలుసని ఎట్లా చెప్పను? లేకపోతే అక్కే తప్పు పెట్టిందా? ధారూర్ దాటేదాకా ఒక్కటీ నిలబడలేదు. చుట్టూ కన్నడం మాట్లాడేవాళ్లు పెద్దగా ఏదో పంచాయితీ పెట్టుకున్నారు. నా ఎదురుగా ఒక ముసలాయన ఉర్దూ పేపరు చదువుకుంటున్నాడు. ఒక మూల చిన్న గడులున్నాయి, వాటి మీద వేలు పెట్టి పక్కనున్న అతనికి ఏదో చెబుతున్నాడు. ఆ వేలు కుడి నుంచి ఎడమకు జరుగుతోంది.

చాలాసేపు ఊరికే చూశాను. తర్వాత, అవి ఏమిటి అని అడిగాను. నమాజు వేళలన్నాడు.

"ఇందుల మొదటిది ఏది?"

ఆయన నన్ను కొంచెం వింతగా చూసి, కుడి చివర గడి మీద వేలు పెట్టాడు. "ఫజర్. పొద్దుగాలది. మొదట్లనే ఉంటది గద సార్."

ఖాలా చదివింది ఉర్దూ బడిలో. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె సామాను చీటీ రాస్తే కొట్టువాడి దగ్గర చదివి వినిపించడానికి ఆమే వెళ్లాల్సి వచ్చేది. ఆ రాత కుడి నుంచి మొదలవుతుందని కూడా తెలుసు. తెలిసినవి రెండూ నా తలలో పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి తాకలేదు.

తాండూరులో దిగి స్టేషన్ నుంచి దాదాపు పరుగెత్తాను. ఖాలా వాకిట్లో కూర్చుని అల్లం పొట్టు తీస్తోంది. నిన్న మంచి గిన్నె ఏ పక్కన పెట్టావని అడిగాను. ఏ పక్కనేమిటి, మొదట్లో పెట్టానంది. మొదలంటే ఎక్కడ అన్నాను. ఆమె విసుగ్గా, ముందున్న చేటకు కుడి చివర చేత్తో కొట్టింది.

"ఈడ. మొదలు ఇంకేడుంటది?"

నేను మెట్టు మీద కూలబడ్డాను. చెప్పాను. నేను అవతలి చివర నుంచి చదివానని, ఆమె వరసను తిప్పి చదివితే అంకె అదే, మైనస్ మాత్రం పోతుందని, అంటే ఆమె నాలుకా అక్క నాలుకా దాదాపు ఒకే మాట చెప్పాయని. చెబుతున్నంతసేపూ ఆమె ముఖంలో వెలుగు కోసం చూశాను. రాలేదు.

"నిన్న పోయిందంటివి. ఇయ్యాల ఉన్నదంటివి. రేపేమంటవ్ సార్?"

ఆమె ఇంకో ముక్క అందుకుంది.

"నిన్న రాత్రి తింటాంటె నాకే అనుమానమైంది" అంది, అల్లం వైపు చూస్తూ. "ఉప్పు ఉన్నదా లేదా అని కోడలిని అడిగిన. ఎన్నడన్న అడిగిన్నా?"

కొడుకు ఫ్యాక్టరీ నుంచి వచ్చాక అతనికీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లి, "అమ్మీ మొఖం చూసి మార్చిన్రా సార్?" అన్నాడు. కోపంగా కాదు, నా మంచితనాన్ని మెచ్చుకుంటున్నట్టు. అదే నన్ను ఎక్కువ దెబ్బతీసింది. ఎందుకంటే అతను అన్నాక నాకూ సందేహం మొదలైంది. ఆ అంకె తప్పయి ఉండాలని నేను కోరుకున్నాను. కోరుకున్నాక కారణం దొరికింది. ఒకవేళ ఆదివారం నాడు ఆమె నిజంగానే మా లెక్కన ఎడమ నుంచి పెట్టి ఉంటే? గిన్నెలు లేవు. పప్పంతా ఒక కుండలో కలిసి, అందరి కడుపుల్లోకి పోయింది. మళ్లీ ఒకసారి పెడదామా ఖాలా అని మరునాడు అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నాకు పరీక్షలొద్దు అంది.

ఇక నేను చేయగలిగింది ఏమిటో రెండు రోజులు తెలియలేదు. సంజాయిషీ చెప్పడం మాత్రం తెలుసు. ముందు పెళ్లింటికి వెళ్లాను. వాళ్లు హైదరాబాదు నుంచి వంటమనిషిని మాట్లాడుతున్నారు. ఆ ఇంటి పెద్దాయనతో, తప్పు ఖాలాది కాదు, నేను గిన్నెలను అటు నుంచి ఇటు చదవాల్సింది ఇటు నుంచి అటు చదివానని చెప్పాను. ఆయన నా చదువు, ఉద్యోగం అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, గింత పెద్ద సార్ గిన్నెలు చదువుడేంది అని నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను. శుక్రవారం దాకా ఆగుతామన్నాడు.

గురువారం కాలేజీకి సెలవు పెట్టి బస్సులో పరిగి వెళ్లి, అవే రెండు కొట్లు వెతికి పప్పు తెచ్చాను. తాండూరు కొట్లు తెలిసినవే. కర్ణాటక పప్పు పెళ్లింట్లో ఇంకా మిగిలి ఉంది. పెద్దేముల్ వెళ్లి అక్కను అడిగితే, ముందు తిట్టింది. "ఆపాను నువ్వు ఏడ్పించినవ్ సార్. నీ లెక్క నా గొర్లకు చెప్పు, తలకాయ ఊపుతయ్" అంది. తర్వాత పప్పు కొలిచి సంచిలో పోసి, రేపొద్దున వస్తానంది.

శుక్రవారం పొద్దున్నే నా మేడగదిలో నేనే ఏడు పప్పులూ కడిగి, ఉప్పు లేకుండా ఉడికించాను. ఒకటి అడుగంటింది. మళ్లీ ఉడికించాను. గిన్నెలు కిందికి మోసుకొచ్చి పెరటి బండ మీద పెట్టాను. అడుగున అక్షరాలు మాత్రం ఉంచాను, నా కోసం కాదు, కొడుకు చూడటానికి. ఖాలాతో చెప్పాను, వరసలేం వద్దు, ఎప్పటిలాగే అక్కతో కూర్చుని మాట్లాడుకుంటూ ఎంచమని, నేను దూరంగా ఉంటానని. ఆమె చేతులు కడుక్కుంది. కొంగు సవరించుకుని వచ్చి పీట మీద కూర్చుంది.

అక్క ఎంతకూ రాలేదు. ఫోన్ చేస్తే, ఆటో నిండలేదని, మనుషుల కోసం డ్రైవరు ఆగాడని చెప్పింది. గిన్నెలు చల్లారిపోతున్నాయి. చల్లారితే పప్పు సంగతి తెలియదని ఖాలా ఒక్కతే మొదలుపెట్టింది. నేను వంటింటి గడప దగ్గర, కొడుకు నా వెనక. ఒక్కో గిన్నె రుచి చూసి, తనలో తను ఏదో అనుకుంటూ, ఆఖరికి ఒక గిన్నె ఎత్తి, గూట్లో పెట్టి పళ్లెం మూసింది. మిగిలినవాటిలో రెండు కొంచెం పక్కకు జరిపింది. జరిపినవాటిని మళ్లీ రుచి చూసి, ఇంకోసారి చూసింది. ఆదివారం ఇంతసేపు పట్టలేదు.

ఆ అనుమానం నేను పెట్టింది.

ఎట్టకేలకు అక్క వచ్చింది, ఆటో డ్రైవరును తిట్టుకుంటూనే. ఆమెకు ఎవరమూ ఏమీ చెప్పలేదు. బండ మీద ఆరే ఉండటం చూసి ఇంకోటేది అంది. ఆమె పంపు దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చేలోగా ఖాలా దాన్ని గూట్లోంచి తీసి పళ్లెం తీసేసి మిగిలినవాటి మధ్యలో ఎక్కడో పెట్టింది. అక్క నిలబడే, ఒక్కో గిన్నెలో వేలు ముంచి చప్పరించుకుంటూ పోయింది. పోయి, వెనక్కి వచ్చి, ఒకటి పట్టుకుంది.

"గిదే ఆపా. ఇంకేం జూస్తవ్."

కొడుకు వచ్చి ఆ గిన్నె ఎత్తి అడుగు చూశాడు. నేను చూడనక్కరలేదు, తల్లి గూట్లో పెట్టింది అదేనని అతనికీ తెలుసు. అక్షరం కోసం కాదు, ఏదో ఒకటి చేయాలని చూసినట్టున్నాడు. గిన్నెను కింద పెట్టి, తల్లి చేతికి చెంచా ఇచ్చి, "అమ్మీ, ఈసారి చింతపండు నేను తెస్త. పాతదే తెస్త" అన్నాడు. బండి తీసుకుని పెళ్లింటికి పోయాడు. వెనకటి పెళ్లిలో పులుపు చింతపండుదా, జ్వరానిదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. తేల్చే పద్ధతి ఏదైనా నాకు తడితే, అది నోట్లోనే ఉంచుకోవడం నేర్చుకుంటున్నాను.

ఖాలా అప్పటిదాకా నా వైపు చూడలేదు. ఇప్పుడు చూసి, "సార్, నువ్వు గూడ కూసో" అంది. ఎందుకన్నాను. "కూసో. బాగున్నది మొదట పెట్టు. నోటితోని ఏం చెప్పొద్దు." అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

కూర్చున్నాను. ఏడు పప్పులూ నాకు పప్పుల్లాగే ఉన్నాయి. చెమట పట్టింది. ఏదో ఒక వరస పెట్టి రాసుకున్నాను. నేనే అడిగాను, నీ వరస కూడా పెట్టు ఖాలా, నా ముందర, నా లెక్క వేసుకుంటాను అని. ఆమె పెట్టింది, కుడి నుంచి. ఈసారి కుడి నుంచే చదివాను. లెక్క వేసి, వాళ్లిద్దరికీ వినబడేట్టు అంకె చదివాను. సున్నాకు కొంచెం పైన. అంటే ఏమిటని అక్క అడిగింది. నాకు ఏమీ తెలియదని అర్థం అన్నాను.

"ఏం ఫికర్ లేదు" అంది ఖాలా. "తినేటందుకైతె పనికొస్తవ్."

పెళ్లి రోజు పొద్దున్నే ఆమె వెంట ఫంక్షన్ హాలు వెనకకు వెళ్లాను. వెల్లుల్లి పొట్టు తీయమని ఒక బుట్ట నా ముందు పెట్టింది. తీశాను. సొరకాయలు చెక్కు తీశాను, రెండు చోట్ల వేలు తెగింది. దాల్చా కుదిరిందా అని ఎవరో వచ్చి నన్నడిగితే, ఖాలాను అడగమన్నాను. భోజనాలయ్యాక పెద్ద దేగ్చాలు పంపు కిందికి దొర్లించి, పీచు పట్టుకుని, అడుగున మిగిలిన పప్పు పోయేదాకా తోమాను.